ఎడమ చెవిలో నల్లబల్ల

డిగ్రీ మొదటి ఏడాది, ఎకనామిక్స్ మొదటి క్లాసు. మైక్రో ఎకనామిక్స్ చెప్పే సార్ ఆరడుగుల పైచిలుకు మనిషి. అయినా ఆయన్ని అందరూ మైక్రో సార్ అనే పిలిచేవారు. ముప్పై ఏళ్ళుగా అదే పాఠం చెబుతున్న మనిషి కాబట్టి ఆయన చెయ్యి నోటికంటే ముందు నడిచేది. నల్లబల్ల మీద రెండు గీతలు గీసి, వేళ్ళకంటిన సుద్ద పొడి దులుపుకుంటూ మొదలుపెట్టారు.

"ఇదిగో, ఇది ఇలా దిగుతుంది. ఇది ఇలా ఎక్కుతుంది. రెండూ ఇక్కడ కలుస్తాయి. ఇక్కడి నుంచి ఇటు గీస్తే ఇది వస్తుంది, కిందికి గీస్తే అది వస్తుంది. అర్థమైందా?"

అందరం తలలూపాం. రెండో బెంచీ నుంచి ఒక గొంతు లేచింది.

"ఇది అంటే ఏదండీ?"

క్లాసంతా నవ్వింది. సార్ "డిమాండు రేఖమ్మా" అన్నారు. ఇంకో ఐదు నిమిషాలకి ఆ గొంతు మళ్ళీ "అది అంటే ఏదండీ?" అంది. "ఇప్పుడే చెప్పాను కదమ్మా" అన్నారాయన. మూడోసారి ఆ గొంతు వచ్చిన వైపు పరకాయించి చూసి, బెంచీకి ఆనించి ఉన్న తెల్ల కర్ర కనపడ్డాక, గొంతు తగ్గించి ఓపికగా చెప్పారు. నాలుగోసారికి ఆ ఓపిక కూడా అయిపోయింది. "పక్కవాళ్ళని అడిగి తెలుసుకో తల్లీ, సిలబస్ అవ్వాలి కదా" అన్నారు.

సాయంత్రానికల్లా ఆమెకి ఏదండీ అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు పెట్టింది నేను కాదు గాని, నవ్వినవాళ్ళలో ఉన్నాను. నేను ఆ క్లాసుకి ప్రతినిధిని. నోటీసులు అందరికీ చేరవెయ్యడం నా పని, అందుకే నన్ను సీఆర్ అనేవారు. పేరు సంగతి మూడో రోజుకి ఆమె చెవిన పడింది. కోపం తెచ్చుకుంటుందనుకున్నాం. "చివర్న అండీ ఉంది కదా, మర్యాదగానే పెట్టారు" అంది.

ఆమెకి తొమ్మిదో ఏట చూపు పూర్తిగా పోయింది. అంతకుముందు ఉన్నది కూడా అంతంతమాత్రమే. నాన్న సిటీ బస్సు డ్రైవరు. అమ్మ ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేది. ఆ పనిలో ఇద్దరు కూర్చుంటారు. ఒకరు అసలు రాతప్రతిని కామాలూ ఫుల్‌స్టాపులతో సహా పైకి చదువుతుంటే, రెండోవారు అచ్చయిన కాగితాన్ని సరిచూస్తారు. అమ్మ పైకి చదివే మనిషి. ఇంట్లో కూతురికి పాఠాలు కూడా అలాగే చదివింది. "కొత్త పేరా. బొమ్మ. బొమ్మలో ఎడమ పక్క ఒక కొండ, కొండ మీంచి నది, నది పక్కన బాణం గుర్తు, బాణం కింద చిన్న అక్షరాల్లో ఉత్తరం అని ఉంది." అలా పదేళ్ళు విన్న పిల్లకి, కాగితం మీద ఉన్నదేదైనా సరే నోటితో చెప్పడానికి వీలవుతుందని గట్టి నమ్మకం. ఎవరైనా చెప్పకపోతే అది వాళ్ళ బద్ధకమని లెక్క. మైక్రో సార్ని ఆమె అడిగిందంతా ఆ నమ్మకంతోనే. వెక్కిరింత గాని, తెగింపు గాని అందులో ఏమీ లేదు.

మాతో మాట్లాడటం మాత్రం అంత తేలిగ్గా సాగలేదు. ఆమెకి చెవుడు కూడా ఉన్నట్టు కొందరు అరిచి మాట్లాడేవారు. కొందరు ఆమెని వదిలేసి పక్కనున్నవాళ్ళని, "ఆ అమ్మాయి టీ తాగుతుందా?" అని అడిగేవారు. వెనక నుంచి వచ్చి, "నేనెవరో చెప్పుకో చూద్దాం" అనేవాళ్ళు ఇంకొందరు. ఈ చివరివాళ్ళకి ఆమె ఒకే జవాబు చెప్పేది: "నువ్వెవరో నీకే తెలియకపోతే నాకెలా తెలుస్తుంది?"

ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి విసుగొచ్చి, ఒకరోజు క్లాసు మొదలయ్యే ముందు లేచి నిలబడి అందరికీ కలిపి చెప్పేసింది. "దగ్గరికొస్తే పేరు చెప్పండి. వెళ్ళిపోతుంటే వెళ్తున్నానని చెప్పండి. దారి చూపించాలనుకుంటే నా చెయ్యి పట్టుకుని లాగొద్దు, మీ మోచెయ్యి ఇవ్వండి, నేను పట్టుకుంటాను. అక్కడ, ఇక్కడ అనకండి. కుడి, ఎడమ అనండి. అంతే." చెప్పి కూర్చుంది. వినడానికి నాలుగే మాటలు. పాటించడానికి మాకు ఏడాది పట్టింది.

నా సంగతే చెబుతాను. వరండాలో ఆమె నాతో ఏదో పుస్తకం గురించి మాట్లాడుతోంది. ఇంతలో ఆఫీసు గుమస్తా నన్ను చెయ్యూపి పిలిచాడు. రెండు నిమిషాల్లో వచ్చెయ్యొచ్చులే అని వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉంది, స్తంభంతో. ఎదురుగా మెట్ల మీద నలుగురు కూర్చుని నోళ్ళు మూసుకుని నవ్వుతున్నారు. నేను దగ్గరికెళ్ళి ఊఁ కొట్టాను. ఆమె మాట ఆపేసింది.

"ఎంతసేపైంది వెళ్ళి?"

"ఇప్పుడే..."

"ఊఁ నా కుడి పక్కనుంచి వస్తోంది సీఆర్. ఇందాక ఎదురుగా ఉన్నావు." నేను క్షమాపణ చెప్పడానికి ఆమె చోటివ్వలేదు.

ఆ తర్వాత నెల తిరక్కుండానే ఇంకా పెద్ద తప్పు చేశాను. మైక్రో సార్ పెట్టే ఇంటర్నల్ పరీక్షని శుక్రవారం నుంచి బుధవారానికి జరిపారు. చేత్తో రాసిన నోటీసుని ఫోటో తీసి, మా క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టేసి చేతులు దులుపుకున్నాను. ఆమె ఫోను వచ్చిన మెసేజిల్ని పైకి చదివి వినిపిస్తుంది. ఫోటో వస్తే మాత్రం "ఫోటో" అని ఊరుకుంటుంది. "ఇదేం ఫోటో?" అని ఆమె గ్రూపులో అడిగింది. అప్పటికే ఎవరో ఏదో జోకు వేశారు, దాని మీద ముప్పై మెసేజిలు పడ్డాయి. ఆమె ప్రశ్న నేను చూశాను. చెబుదాంలే అనుకుని మర్చిపోయాను.

బుధవారం ఆమె మామూలు వేళకి మామూలు గదికి వచ్చి కూర్చుంది. మేమంతా పై అంతస్తు హాల్లో పరీక్ష రాస్తున్నాం. ఖాళీ గదిలో అరగంట కూర్చున్నాక, ఊడవడానికి వచ్చిన ఆయమ్మ చెప్పిందట, "అందరూ పైన పరీక్ష రాస్తున్నారు కదమ్మా, నువ్వేంటి ఇక్కడ?" అని.

ఆమె పైకి వచ్చేసరికి పరీక్ష అయిపోయింది. మర్నాడు మైక్రో సార్ గదికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. ఇనుప బీరువా, బల్ల నిండా కాగితాల దొంతరలు, గోడ గడియారం చప్పుడు తప్ప ఇంకేమీ లేని గది.

"లోపలికి రావచ్చా సార్?"

సార్ కాగితాల మీంచి తలెత్తి, ఊపి, మళ్ళీ కాగితాల్లో పడిపోయారు. ఆమె గుమ్మంలోనే నిలబడింది. కాసేపాగి అడిగింది.

"సార్, ఉన్నారా?"

"ఉన్నానమ్మా. రమ్మని తలూపాను కదా" అన్నారు. అనేశాక ఆయనే నాలిక కరుచుకుని, లేచి వచ్చి కుర్చీ జరిపారు. ఆమె విషయం చెప్పింది. ఆయన విన్నారు.

"రూలు అందరికీ ఒకటేనమ్మా. నోటీసు రెండు రోజుల ముందే పెట్టాం."

"పెట్టారు సార్. నాకు ఫోటోగా వచ్చింది. నేను చదవలేను."

"ఎవర్నైనా అడగాల్సింది."

"అడిగాను సార్. గ్రూపులో, అరవై మందిని ఒకేసారి."

అప్పుడు నేను కల్పించుకున్నాను. "తప్పు నాది సార్. ఆ అమ్మాయి అడిగితే నేనే జవాబివ్వలేదు."

"అయితే నీ మార్కులు తీసి ఆమెకి వెయ్యమంటావా?" అన్నారాయన, కొంచెం విసుగ్గా.

ఆ పరీక్షలో నాకు పదికి ఏడు వచ్చాయి. ఆమెకి సున్నా పడింది.

బయటికొచ్చాక ఆమె అడిగింది, "సార్ నిజంగానే నీ మార్కులు నాకు వేస్తానంటే ఏం చేసేవాడివి?"

"తెలీదు."

"నాకూ తెలీదులే. ఇకమీదట టైపు చెయ్యి, చాలు."

ఆ వారంలోనే ఆమె చేతిలోంచి కర్ర జారి బెంచీ కింద పడింది. వంగి తడుముతుంటే ఎవరో కర్ర తీసి చేతికిచ్చారు. "థాంక్సండీ, ఎవరు?" అంది. జవాబు లేదు. మళ్ళీ అడిగింది. ఎడమ పక్క ఎవరో ఊపిరి బిగబట్టి వదిలిన చప్పుడైంది. తర్వాత ఆమె ఫోను మోగింది. మెసేజి. ఫోను గొంతు చదివింది: "నేను నీ ఎడమ పక్క కూర్చుంటాను. మొదటి రోజు నుంచీ."

ఆ అమ్మాయిని మేం సైలెంటు అనేవాళ్ళం. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటుందని పొగరనుకునేవాళ్ళం కూడా. నిజానికి ఆమెకి నత్తి. కొన్ని అక్షరాల దగ్గర మాట గొంతులో ఇరుక్కుని ఎంతకీ బయటికి రాదు. బడిలో పడ్డ వెక్కిరింపులు చాలనుకుని, కాలేజీలో కూడా అసలు నోరు తెరవకూడదని ఒట్టు పెట్టుకుని వచ్చింది. చూపున్నవాళ్ళకి ఆమె మాట్లాడని అమ్మాయి. ఏదండీకి మాత్రం ఆమె అసలు లేదు.

"ఇన్ని రోజుల నుంచా? ఆ చోటు ఖాళీ అనుకుని బ్యాగు పెడుతున్నానే. నీ మీద పెట్టలేదు కదా?"

ఫోను చదివింది: "రెండుసార్లు పెట్టావు."

వాళ్ళ స్నేహం అలా మొదలైంది. నాలుగైదు రోజుల్లో ఒక పద్ధతి కుదుర్చుకున్నారు. సార్ బల్ల మీద ఏది రాసినా, ఏది గీసినా, సైలెంటు దాన్ని మాటల్లోకి మార్చి ఫోనులో టైపు చేసి పంపుతుంది. ఏదండీ ఎడమ చెవిలో ఇయర్‌ఫోను. కుడి చెవికి సార్ గొంతు, ఎడమ చెవికి నల్లబల్ల. ఆ ఫోను గొంతు ఎంత వేగంగా చదివేదంటే, ఒకసారి నేను పెట్టుకుని వింటే టైపుమిషను చప్పుడులా ఉంది తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు.

మొదట్లో సైలెంటు మెసేజిలు సార్ పాఠంలాగే ఉండేవి. "ఒక గీత పైకి పోయింది" అని పంపేది. "ఎక్కడి నుంచి? నిలువు గీతకి తగిలిందా? నిటారుగా లేచిందా, ఏటవాలుగానా?" అని ఏదండీ గుసగుసగా పీకేది. పదిరోజుల్లో సైలెంటు చెయ్యి తిరిగింది.

గీతలు వేలికి తగిలితే ఇంకా బాగుంటుందని, సైకిలు షాపు నుంచి పాత ట్యూబు ముక్క తెచ్చి, దాని మీద కాగితం పెట్టి, సిరా అయిపోయిన పెన్నుతో ఒత్తి గీసింది సైలెంటు. కాగితం తిరగేస్తే గీత ఉబ్బెత్తుగా చేతికి తగులుతుంది. ఏదండీకి సంబరం. రెండు రోజులు తడుముతూ కూర్చుని మూడో రోజు అడిగింది, "ఇదేంటే, ధర పెరిగేకొద్దీ జనం ఎక్కువ కొంటున్నారు?" కాగితం తిరగేసినప్పుడు కుడి ఎడమైపోతుందని ఇద్దరికీ తట్టలేదు. ఆ తర్వాత నుంచి సైలెంటు ప్రతి బొమ్మనీ అద్దంలో కనపడ్డట్టు తిప్పి గీసేది. ఒక్కో గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆలోచించకుండా అలా తిప్పి గీయడం కుదరదు. కాబట్టి ఆ ఏడాది మా క్లాసులో ఆ బొమ్మలు నిజంగా అర్థమైంది ఆమెకే.

డిసెంబరులో ఒకరోజు మైక్రో సార్ వ్యయ రేఖలు చెబుతున్నారు. బల్ల మీద గిన్నెలా వంగిన గీత ఒకటి, దాన్ని కోసుకుంటూ పైకి లేచే గీత ఇంకొకటి. గీసి వెనక్కి తిరిగేసరికి సైలెంటు తలొంచుకుని ఫోనులో టకటకా కొడుతోంది. ఆయన క్లాసులో ఫోను నిషేధం.

"ఏం జరుగుతోంది అక్కడ? లే."

సైలెంటు లేచింది. నోరు తెరిచింది. "స... స..." దగ్గర మాట ఆగిపోయింది. మెడ నరాలు ఉబ్బాయి. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సార్ దగ్గరికొచ్చి చెయ్యి చాపారు. ఆమె ఫోను ఇచ్చేసింది. ఇదంతా మాటల్లేకుండా జరిగింది. ఏదండీ తల అటూ ఇటూ తిప్పుతోంది.

"ఏమైంది? ఎవరైనా చెప్పండి."

నేను చెప్పాను. "సార్ ఫోను తీసుకున్నారు. సైలెంటు నిలబడే ఉంది, చెప్పడానికి చూస్తోంది. సార్ నీ కుడి పక్క ఉన్నారు."

ఏదండీ చటుక్కున లేచింది. "సార్, ఆ మెసేజిలు నాకోసం. మీరు రాసేది నాకు కనపడదు కాబట్టి తను టైపు చేసి పంపుతోంది. తనకి మాట తొందరగా రాదు సార్, అందుకే చెప్పలేకపోతోంది. కావాలంటే చదవండి."

సార్ చదివారు. వేలితో తెరని పైకి తోస్తూ చాలాసేపు చదివారు. ఆ పూట ఆయన గీసినదంతా అందులో ఉంది, వరసగా, మాటల్లో. చివరి మెసేజి ఇదీ: "ఉపాంత వ్యయ రేఖ సగటు వ్యయ రేఖని దాని అట్టడుగు బిందువు దగ్గర కోయాలి. సార్ కాస్త కుడికి జరిపి గీశారు. నువ్వు బిందువు దగ్గరే అనుకో. పైకి అడక్కు."

సార్ బల్ల వైపు తిరిగి చూశారు. వెళ్ళి డస్టరు తీసుకుని గీత చెరిపేసి, సరిగ్గా అడుగున కోసేలా మళ్ళీ గీశారు. ఫోను తెచ్చి సైలెంటు ముందు పెట్టారు. "కూర్చోండి ఇద్దరూ" అన్నారు. పాఠం సాగింది. "ఇది" అని మొదలుపెట్టి, ఆగి, "ఉపాంత వ్యయ రేఖ" అన్నారు.

క్లాసయ్యాక మేమంతా వాళ్ళ చుట్టూ చేరాం. సైలెంటు మాత్రం బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు వచ్చింది, అదే చోట కూర్చుంది, ఒక్క మెసేజీ పంపలేదు. ఆ తర్వాత రోజూ అంతే. ఎడమ చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని ఏదండీ మూడు రోజులు ఊరికే కూర్చుంది. నాలుగో రోజు క్యాంటీన్లో ఫోను చదివింది. ఆ మెసేజి ఏదండీ తర్వాత నాకూ వినిపించింది, దాచుకుందట.

"ఆ మాట నేనే చెప్పబోతున్నాను. వచ్చేసేది. ఇంకో నిమిషం పట్టేది, అంతే. ఆరేళ్ళ తర్వాత మొదటిసారి క్లాసులో నోరు తెరిచాను. నువ్వు లాక్కున్నావు. నీ చెయ్యి పట్టి ఎవరైనా లాగితే నీకు ఎలా ఉంటుందో నాకూ అలాగే ఉంది. పైగా నాకు మాట రాదని అందరికీ చెప్పావు."

"నిన్ను గండం గట్టెక్కిస్తున్నాననుకున్నాను" అందట ఏదండీ. సైలెంటు ఈసారి టైపు చెయ్యలేదు. నోటితోనే చెప్పింది, ఎక్కడికక్కడ ఆగుతూ, "అందరూ అలాగే అనుకుంటారు" అని. ఆ మూడు మాటలకి టీ చల్లారిపోయేంతసేపు పట్టింది. ఏదండీ వేచి ఉంది. ఆ తర్వాత ఒప్పందం ఒకటి చేసుకున్నారు. సైలెంటు బల్ల మీద రెండుసార్లు తడితేనే ఏదండీ మాట అందుకోవాలి. తట్టకపోతే ఎంతసేపైనా సరే ఊరుకోవాలి.

మైక్రో సార్ ఒక్క రోజులో మారిపోలేదు. రెండు వారాలు జాగ్రత్తగా చెప్పి, మళ్ళీ పాత దారిలో పడ్డారు. అప్పుడు సైలెంటు పెన్నుతో బెంచీ మీద టక్కుమని ఒకసారి కొట్టేది. మొదట ఆయన మొహం చిట్లించేవారు. తర్వాత్తర్వాత చెయ్యి ఆపి, "ఆఁ, నిలువు గీత మీద ధర" అని సర్దుకునేవారు. ఫిబ్రవరిలో సెమినారు వచ్చింది. అందరికీ పది నిమిషాలు. సైలెంటు వంతు వచ్చినప్పుడు ఏదండీ మొదటి బెంచీకి మారి కూర్చుంది. సైలెంటు పాతిక నిమిషాలు మాట్లాడింది. బల్ల తట్టలేదు. సార్ రెండుసార్లు గడియారం చూశారు గాని ఆపలేదు. వెనక నుంచి ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. అయిపోయాక చప్పట్లేమీ లేవు. సార్ ఒక ప్రశ్న అడిగారు, ఆమె జవాబు చెప్పింది.

ఏడాది పరీక్షకి ఏదండీకి రాసిపెట్టడానికి యూనివర్సిటీ ఒక మనిషిని ఇచ్చింది. ఆ సబ్జెక్టు తెలిసినవాళ్ళు రాయకూడదని నియమం కాబట్టి, వృక్షశాస్త్రం చదివే అమ్మాయి వచ్చింది. ఆమెకి డిమాండు రేఖకీ విద్యుత్తు తీగకీ తేడా తెలియదు. ఏదండీ చెప్పుకుంటూ పోయింది: "ఎడమ అంచు నుంచి నాలుగు వేళ్ళ దూరంలో నిలువు గీత. దాని అడుగు నుంచి కుడికి అడ్డగీత. ఇప్పుడు గిన్నెలాంటి వంపు గీయండి, అడుగు భాగం అడ్డగీతకి రెండు వేళ్ళ ఎత్తున ఉండాలి." ఆ అమ్మాయి బయటికొచ్చి నాతో అంది, తను ఆ పేపరు సొంతంగా రాసినా పాసయ్యేట్టే ఉన్నానని.

ఫలితాల్లో ఏదండీకి రెండు మార్కుల్లో ఫస్టు క్లాసు పోయింది. ఆ ఇంటర్నల్లో పదికి రెండు వచ్చినా సరిపోయేది. నేను ఆ లెక్క వేసుకున్నాను. ఆమె కూడా వేసుకుంది, నాతో అంది కూడా. నేను క్షమించమన్నాను. "సరే" అంది. "పర్లేదు" అనలేదు.

ఇది జరిగి పదిహేనేళ్ళు దాటింది. మైక్రో సార్ రిటైరయ్యారు. ఏదండీ ఎమ్మే చేసి, మూడు ఇంటర్వ్యూల్లో "పిల్లల్ని ఎలా అదుపు చేస్తావు?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పి చెప్పి, నాలుగో చోట ఉద్యోగం తెచ్చుకుంది. ఇప్పుడు ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెబుతుంది. బొమ్మలు గీయడానికి రోజుకొక విద్యార్థిని బల్ల దగ్గరికి పిలుస్తుంది. తను నోటితో చెబుతుంటే వాళ్ళు గీయాలి. తప్పు గీస్తే మిగతావాళ్ళు మాటల్లోనే సరిదిద్దాలి, వేలు పెట్టి చూపించకూడదు. ఆమె క్లాసులో గోల ఎక్కువని పక్క గది లెక్చరరు ఫిర్యాదు చేస్తుంటాడు. సైలెంటు ఇంకో ఊళ్ళో గణాంకాల ఆఫీసులో పనిచేస్తుంది, ఇద్దరు పిల్లలు. ఆదివారాలు ఏదండీకి ఫోను చేసి నోటితోనే మాట్లాడుతుంది. గంటకి తక్కువ కాదట.

నేను యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ఉన్నాను. పోయిన నెల జవాబు పత్రాల కట్టలు ఇవ్వడానికి ఆమె కాలేజీకి వెళ్ళాను. స్టాఫ్ రూములో ఒకామె పత్రాలు చదివి వినిపిస్తుంటే ఏదండీ మార్కులు చెబుతోంది. నన్ను కూర్చోమని, మా అమ్మాయి చదువు గురించి, సైలెంటు మోకాలి నొప్పి గురించి మాట్లాడింది. చదివే మనిషి రోజుకి రెండు గంటలే దొరుకుతోందని, మార్కులు పంపే గడువు ఒక వారం పెంచమని అడిగింది. పెంచడం నా చేతిలో లేదని చెప్పాను.

"ఎవరి చేతిలో ఉంది?"

చెప్పాను.

"అయితే ఆయన నంబరివ్వు. నేనే మాట్లాడతాను" అని, నంబరు ఫోనులో ఎక్కించుకుని, బెల్లు మోగగానే క్లాసుకి వెళ్ళింది. రెండు రోజుల తర్వాత అందరికీ వారం గడువు పెంచుతూ ఆర్డరు వచ్చింది. ఆ ఆర్డరు కాలేజీలకి పంపే పని నాకే పడింది. టైపు చేసి పంపాను.